హైడ్రోపోనిక్ కిట్ కొనేముందు: హరితకు బాబాయ్ ఉత్తరం

చి. హరితకు,

బాబాయ్ ఆశీస్సులు.

మట్టి లేకుండా ఎరువు కలిపిన నీళ్ళలో మొక్కలు పెంచే ఈ హైడ్రోపోనిక్ కిట్ల గురించి నువ్వు పంపిన వివరాలన్నీ తీరిగ్గా చదివాను. అన్నిటి మీదా ఒకటే మాట, "పెట్టి మర్చిపోండి" అని. మర్చిపోతే బతికే మొక్క ఉండదమ్మా. అలాగని రోజూ తడి చూసి, నీళ్ళు పోసి, ఆకు తిరగేసి చూసే తీరిక నీకు లేదనీ తెలుసు. వారంలో సగం రోజులు ప్రయాణాల్లోనే గడిచే ఉద్యోగం నీది. అందుకే ఏది తక్కువ చాకిరీతో నడుస్తుందో, ఎందుకు నడుస్తుందో వివరంగా రాస్తున్నాను.

యంత్రం పెట్టినంత మాత్రాన పని పోదు. రోజూ చేసే మోటు పని తగ్గి, అప్పుడప్పుడూ చెయ్యాల్సిన సున్నితమైన పని వచ్చి చేరుతుంది. ఆ రెండోది ఎంత తక్కువుంటే ఆ కిట్ నీకు అంత నప్పుతుంది. దాని గురించి అమ్మేవాళ్ళు చెప్పరు, మనమే అడిగి తెలుసుకోవాలి.

పీహెచ్ (నీళ్ళ పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ), ఎరువు తనంతట తనే సరిచేసుకునే ఆ పెద్ద కిట్ మీద నీ మనసు పడిందని నీ మెసేజ్ చూస్తేనే అర్థమైంది. కాబట్టి ముందు దాని సంగతే చెప్తాను. అందులో అసలు ప్రాణం నీళ్ళలో ముంచి పీహెచ్ కొలిచే ప్రోబ్. దాని కొసన చిన్న గాజు బుడిపె ఉంటుంది, చాలా పల్చగా. అది ఎప్పుడూ తడిగా ఉండాలి. బయటికి తీసి పెడితే పొటాషియం క్లోరైడ్ ద్రావణంలో ముంచి ఉంచాలి. ఎండిపోయిందంటే రీడింగ్ నమ్మలేం. ట్యాంకులోని ఎరువు ద్రావణంలోనే ఉన్నా దాని మీద లవణాల పూత, జిగురు పడుతూ ఉంటాయి. అందుకే నెలకోసారైనా కడిగి, పీహెచ్ ముందే తెలిసిన బఫర్ ద్రావణాల్లో, అంటే పీహెచ్ 4, పీహెచ్ 7 వాటిల్లో పెట్టి క్యాలిబ్రేట్ చెయ్యాలి, అంటే రీడింగ్ సరిదిద్దాలి. ఎంత జాగ్రత్తగా చూసుకున్నా ఏడాది, రెండేళ్ళకు కొత్తది వెయ్యాల్సిందే. ఎరువు, యాసిడ్ కొలిచి వదిలే డోసింగ్ పంపులో నలుగుతూ తిరిగే సన్నటి ట్యూబు ఉంటుంది చూడు, అదీ అరిగిపోతుంది, చిట్లుతుంది. దాన్నీ మార్చాలి.

ఇవన్నీ చేస్తానంటావా, సరే. చెయ్యని నెలలో ఏమవుతుందో కూడా చూడు. ట్యాంకులో అసలు పీహెచ్ 5.8 ఉందనుకో. ఆకుకూరలకి 5.5 నుంచి 6.5 మధ్య ఉంటే చాలు కాబట్టి అది చక్కటి అంకె. ప్రోబ్ మాత్రం గాడి తప్పి 6.8 చూపిస్తోంది. యంత్రం దాన్నే నమ్మి యాసిడ్ చుక్కలు వదులుతుంది. మళ్ళీ చూస్తుంది, ఇంకా ఎక్కువే కనబడుతుంది, మళ్ళీ వదులుతుంది. నువ్వు వేరే ఊళ్ళో ఉంటావు. తిరిగొచ్చేసరికి ట్యాంకు మొత్తం పులిసిపోయి, వేర్ల కొసలు మాడి ఉంటాయి. చేత్తో పోసేటప్పుడు మనం కొన్ని చుక్కలు వేసి, కలిపి, ఆగి, మళ్ళీ చూస్తాం. అంకె తేడాగా ఉంటే అనుమానం వస్తుంది. యంత్రానికి అనుమానం రాదు. రోజూ చూసే మనిషి ఉండే గ్రీన్‌హౌస్‌కి ఆటో డోసింగ్ మంచిదే, అక్కడ అది నిజంగా చాకిరీ తగ్గిస్తుంది. పది, పన్నెండు మొక్కల ఇంటికి మాత్రం వద్దే వద్దు.

మరి యంత్రానికి ఏం అప్పజెప్పాలి? వెలుతురు, గాలి, నీటి మట్టం. ఈ మూడూ రోజూ తప్పనిసరి పనులు, తప్పు జరిగినా ఒక్కపూటలో కొంప మునగదు, పరికరాలు కూడా సాదాసీదావే. పీహెచ్, ఎరువు నీ చేతిలో ఉంచుకో. వారానికి ఓ పావుగంట చాలు. ఆ పావుగంట ఎలా చాలుతుందంటే, ట్యాంకు పెద్దదైతే చాలుతుంది. నా దృష్టిలో కిట్ మొత్తంలో అన్నిటికన్నా ముందు చూడాల్సింది అదే.

బల్ల మీద పెట్టుకునే చిన్న కిట్లలో మూడు, నాలుగు లీటర్ల నీళ్ళు పడతాయి. నారు దశలో బాగానే ఉంటుంది. మొక్కలు గుబురుగా ఎదిగాక, వేడి రోజున అన్నీ కలిసి అందులో మూడో వంతు తాగేయగలవు. నీళ్ళు తాగినంత వేగంగా ఎరువు తాగవు కాబట్టి మిగిలిన ద్రావణం చిక్కబడుతుంది, పీహెచ్ కూడా ఇటో అటో జరుగుతుంది. అదే 40 లీటర్ల ట్యాంకులో అన్నే మొక్కలుంటే వారమంతా తాగినా పెద్ద తేడా రాదు. ఖరీదైన సెన్సర్లు చేస్తామనే పనిలో చాలా భాగం పెద్ద ట్యాంకు ఊరికే చేసిపెడుతుంది. దానికి క్యాలిబ్రేషన్ అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. ఆకుకూర మొక్క ఒక్కింటికి కనీసం 4 లీటర్లు లెక్క వేసుకో, అంతకన్నా ఎక్కువైతే ఇంకా మంచిది.

ట్యాంకు రంగు కూడా చూడు. లోపలికి వెలుతురు పోకూడదు. ద్రావణానికి వెలుతురు తగిలిందంటే నాచు పడుతుంది, దాన్ని తోముతూ కూర్చోవాలి. లోపలి వేర్లు కనబడేలా పారదర్శకంగా చేసినవి చూడముచ్చటగా ఉంటాయి, కొనకు. ఇంకొకటి, ఇది ఎవరూ అడగరు: మూత పూర్తిగా తీసి, మోచేతి దాకా చెయ్యి లోపలికి పెట్టి, నాలుగు మూలలూ స్పాంజితో తోమడానికి వీలుందా? పంట తీసిన ప్రతిసారీ ఆ పని తప్పదు. సన్నటి మూతి, లోపల మెలికలు, చెయ్యి పట్టని గొట్టాలు ఉన్నవైతే మొదటి పంట తర్వాత నీకే విసుగొచ్చి పక్కన పడేస్తావు. అడుగున నీళ్ళు వదిలే కుళాయి ఉంటే సగం పని తప్పినట్టే. నిండు ట్యాంకు ఎత్తి వంచలేవు కదా.

ఇక ఏ పద్ధతి అన్నది. ఒక్కోదాన్ని ఒకే ప్రశ్నతో పరీక్షించు: నువ్వు లేనప్పుడు కరెంటు పోతేనో, పంపు ఆగితేనో మొక్క ఎంతసేపు ఆగుతుంది? వేర్ల మీద మంచులా నీళ్ళు చిమ్మే ఏరోపోనిక్స్‌లో వేర్లు గాల్లో వేలాడతాయి. చిమ్మడం ఆగితే కాసేపటికే ఎండడం మొదలు. పైగా ఆ సన్నటి నాజిల్స్ లవణాలతో పూడుకుపోతుంటాయి. గొట్టాల్లో పల్చటి పొరగా నీళ్ళు పారే ఎన్‌ఎఫ్‌టీ కూడా అంతే, వేడి మధ్యాహ్నం పంపు ఆగితే కొన్ని గంటల్లోనే ఆకులు వాలిపోతాయి. చూడ్డానికి ఎంత అందంగా ఉన్నా ఈ రెండూ నీ జీవితానికి సరిపోవు. డ్రిప్ పద్ధతి టమాటా లాంటి పెద్ద మొక్కలకి బాగుంటుంది కానీ చుక్కలు వదిలే దాని ఎమిటర్లు కూడా పూడుకుంటాయి, చూసుకోవాలి.

వేర్లు ట్యాంకులోనే మునిగి ఉండి, ఎయిర్ పంపు బుడగలు వదిలే డీప్ వాటర్ కల్చర్ నీకు సరైనది. పంపు ఆగినా నీళ్ళు వేర్ల దగ్గరే ఉంటాయి, నీళ్ళు చల్లగా ఉంటే మొక్క చాలాసేపు ఓర్చుకుంటుంది. అందులో తిరిగే భాగం ఒక్క ఎయిర్ పంపే, అది ఎక్కడైనా దొరికే వస్తువు. అసలు పంపే లేని పద్ధతి కూడా ఉంది. హవాయి విశ్వవిద్యాలయంలో పనిచేసిన బెర్నార్డ్ క్రాట్కీ పేరుతో పిలుస్తారు. ట్యాంకు నింపి మొక్క పెడతారు, నీటి మట్టం దిగుతున్నకొద్దీ పైన గాలి చోటు పెరుగుతుంది, ఆ చోట్లోని వేర్లు గాలి పీల్చుకుంటాయి. పాలకూర, లెట్యూస్ లాంటివి నీళ్ళు మళ్ళీ పొయ్యకుండానే కోతకొస్తాయి. మధ్యలో జాలిపడి పైదాకా నింపేస్తే మాత్రం ఆ గాలి వేర్లు మునిగి మొక్క ఉక్కిరిబిక్కిరవుతుంది. ఎయిర్ పంపు ఉన్న ట్యాంకులో కూడా మూత కింద కాస్త ఖాళీ వదిలితే, పంపు ఆగిన రోజు ఆ గాలి వేర్లే మొక్కని కాపాడతాయి.

ఎయిర్ పంపుని నీటి మట్టం కన్నా ఎత్తులో పెట్టు. కింద పెడితే కరెంటు పోయినప్పుడు నీళ్ళు గొట్టం గుండా వెనక్కి నడిచి పంపులోకి, అక్కణ్ణుంచి నేల మీదకి వస్తాయి. ఎత్తులో కుదరకపోతే నీళ్ళని వెనక్కి రానివ్వని చెక్ వాల్వ్ గొట్టంలో వెయ్యాలి. చిన్న వస్తువే కానీ ఇల్లు తడవకుండా కాపాడుతుంది.

నీటి మట్టానికి, నీళ్ళు తగ్గితే తెరుచుకుని నిండితే మూసుకునే ఫ్లోట్ వాల్వ్ చాలు. కానీ దాన్ని నేరుగా ఇంటి కుళాయికి కలపకు. వాల్వ్ ఇరుక్కుపోయిందంటే ఆపేవాళ్ళు లేక నీళ్ళు పోతూనే ఉంటాయి. పక్కన కాస్త ఎత్తులో వేరే డబ్బా పెట్టి దాని నుంచి కలుపు. ఆ డబ్బా, పెద్ద ట్యాంకులో ఎప్పుడూ ఖాళీగా ఉండే చోటు కన్నా చిన్నదిగా ఉండాలి. అప్పుడు వాల్వ్ మొరాయించినా డబ్బాలోవన్నీ ట్యాంకులోనే పడతాయి, బయటికి పొంగవు. నువ్వు ఊళ్ళో లేనప్పుడు నిశ్చింతగా నిద్రపోవచ్చు. ఆ డబ్బాలో మామూలు నీళ్ళే పొయ్యి.

వెలుతురు సంగతి తేలిక. ఆకుకూరలకి రోజుకి 14 నుంచి 16 గంటల ఎల్‌ఈడీ వెలుతురు, ఒక టైమరు. మొక్క పెరిగేకొద్దీ లైటు పైకి జరిపే వీలుండాలి. టైమరు మాత్రం లోపల బ్యాటరీ ఉన్న డిజిటల్‌ది తీసుకో. ముల్లు తిరిగే రకం కరెంటు పోయినంతసేపు ఆగిపోయి, ఆ తర్వాత అన్ని గంటలూ వెనకబడి నడుస్తుంది. నాలుగుసార్లు పోయిందంటే అర్ధరాత్రి గదిలో లైటు వెలుగుతూ ఉంటుంది.

యాప్‌తో నడిచే కిట్ల విషయంలో ఒక ప్రశ్న అడిగి తీరాలి. ఫోన్ లేకుండా, ఇంటర్నెట్ లేకుండా, కంపెనీయే లేకుండా ఇది పనిచేస్తుందా? ఈ రంగంలో బాగా పేరున్న ఏరోగార్డెన్ 2025 జనవరి 1 నుంచి కార్యకలాపాలు ఆపేస్తున్నట్టు 2024 చివర్లో ప్రకటించింది. తర్వాత మళ్ళీ తెరుచుకుంది, అది వేరే సంగతి. అంత పెద్ద పేరుకే అలా జరిగినప్పుడు, వాళ్ళ పాడ్స్ (విత్తనం పెట్టి అమ్మే గుళికలు) మీదా వాళ్ళ సర్వర్ మీదా ఆధారపడే కిట్ కొనడం టెన్షన్ కొనుక్కోవడమే. బటన్ నొక్కితే నడవాలి, మొక్క కూర్చునే మామూలు జాలీ గిన్నె, అదే నెట్ పాట్, పట్టాలి, మనకి నచ్చిన విత్తనం వేసుకోగలగాలి, పంపు పోతే బయట కొన్నది బిగించుకోగలగాలి.

మొక్కల ఎంపికలో కూడా సగం చాకిరీ ఉంది. నీ జాబితాలో లెట్యూస్, తులసి జాతి మొక్కలు, టమాటా, పుదీనా అన్నీ ఒకే ట్యాంకుకి రాశావు. టమాటాకి లెట్యూస్ కన్నా రెట్టింపుకి పైగా చిక్కటి ద్రావణం కావాలి. ద్రావణం చిక్కదనాన్ని, అంటే కరిగిన లవణాలని, ఈసీ అనే అంకెతో (ఎంఎస్/సెం.మీ.లో) కొలుస్తారు. లెట్యూస్ సుమారు 0.8 నుంచి 1.2 ఈసీలో హాయిగా ఉంటుంది, టమాటా 2 దాటి అడుగుతుంది. ఒకదానికి చాలితే రెండోదానికి ఎక్కువవుతుంది. పైగా టమాటాకి ఊతం కట్టాలి, పక్క కొమ్మలు గిల్లాలి, ఇంట్లో గాలి ఆడదు కాబట్టి పూలగుత్తి కదిపి పుప్పొడి రాల్చాలి. పుదీనా వేర్లు దొరికినచోటల్లా అల్లుకుని గొట్టాలు మూసేస్తాయి, దానికి వేరే డబ్బా ఇవ్వు. మొదటి ఏడాది ఆకుకూరలతోనే నడుపు. బయటి ఆకులు కోసుకుంటూ పోయే రకాలైతే నాటే పని కూడా తగ్గుతుంది.

వారపు పావుగంటలో ఏం చెయ్యాలంటావా? మూత ఎత్తి ఒక మొక్కని పైకి లేపి వేర్లు చూడు. తెల్లగానో మీగడ రంగులోనో ఉండి, పట్టుకుంటే గట్టిగా ఉంటే అంతా బాగున్నట్టే. గోధుమరంగులో జిగురుగా ఉండి, వేలితో లాగితే పైతోలు ఊడొచ్చి, మురుగు వాసన వేస్తే వేరుకుళ్ళు మొదలైనట్టు. అది ఎక్కువగా నీళ్ళు వేడెక్కినప్పుడే వస్తుంది. 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 30 డిగ్రీలకి వచ్చేసరికి అది ఏడున్నరకి పడిపోతుంది. నీళ్ళు 18 నుంచి 22 డిగ్రీల మధ్య ఉంటే నిశ్చింత, 25 దాటితే జాగ్రత్తపడాలి. అందుకే ట్యాంకుని ఎండ పడే కిటికీ పక్కన పెట్టకు. వేర్లు చూశాక ఈసీ మీటరు ముంచు. అంకె పెరిగిందంటే మొక్క నీళ్ళు ఎక్కువ తాగింది, మామూలు నీళ్ళు కలుపు. తగ్గిందంటే ఆకలి మీద ఉంది, ఎరువు వెయ్యి. పీహెచ్‌కి చుక్కలతో రంగు మారే టెస్ట్ కిట్ చాలు, దానికి క్యాలిబ్రేషన్ గొడవ లేదు. రెండు, మూడు వారాలకోసారి ద్రావణం మొత్తం మార్చెయ్యి. ఎరువు ఏ, బీ అని రెండు సీసాల్లో వస్తుంది. ఆ రెంటినీ చిక్కగా ఉన్నప్పుడు ఒకదాంట్లో ఒకటి కలపకు, ఒకదాంట్లోని కాల్షియం రెండోదాంట్లోని సల్ఫేట్, ఫాస్ఫేట్‌తో కలిసి అడుగున తెల్లగా పేరుకుంటుంది, ఇక అది మొక్కకి అందదు. ట్యాంకు నీళ్ళలో ముందు ఏ పోసి బాగా కలిపి, ఆ తర్వాత బీ పొయ్యాలి.

ఏ కిట్ అయినా ఆర్డర్ పెట్టేముందు ఒక్క పని చెయ్యి. ఈసీ మీటరు మాత్రం ముందుగా తెప్పించుకుని, నువ్వు వాడబోయే నీళ్ళలో ఎరువేమీ వెయ్యకుండా ముంచి ఎంత చూపిస్తుందో నాకు రాయి. 0.3 లోపు ఉంటే ఏ ఎరువైనా ఫర్వాలేదు. అంతకు బాగా ఎక్కువుంటే, అంటే నీళ్ళలో ముందే లవణాలు ఎక్కువున్నట్టు, తరచూ కఠిన జలం అయ్యుంటుంది. ఆ నీళ్ళకి తగిన ఎరువు వేరే ఉంటుంది, లేదా ఫిల్టర్ నీళ్ళు కలుపుకోవాల్సి వస్తుంది. ఆ అంకె తెలిస్తే ట్యాంకు సైజు, ఎరువు రెండూ కలిపి చెప్తాను.

ఇట్లు,
బాబాయ్