యూకేలో సిగరెట్ ఎక్కడ కాల్చొచ్చు, ఎక్కడ కాల్చకూడదు

కొత్తగా వచ్చినవాళ్లు తరచూ అడిగేది: "ఆఫీసులో స్మోకింగ్ రూమ్ ఎక్కడుంది?" అని. లేదు, పెట్టనివ్వరు కూడా. ఇండియాలో 30 సీట్లు, ఆపైన ఉన్న రెస్టారెంట్లు, ఎయిర్‌పోర్టులు విడిగా పొగ గది పెట్టుకోవచ్చు కాబట్టి ఆ లెక్కన అడుగుతారు. ఇక్కడ స్కాట్లాండ్‌లో 2006 మార్చి నుంచి, వేల్స్, నార్తర్న్ ఐర్లాండ్‌లలో 2007 ఏప్రిల్ నుంచి, ఇంగ్లండ్‌లో 2007 జులై 1 నుంచి పనిచేసే చోటా, జనం వచ్చిపోయే చోటా లోపల కాల్చడం నిషిద్ధం. హోటల్ పడకగదుల్లాంటి కొద్దిపాటి మినహాయింపులు ఇంగ్లండ్‌లో ఉన్నాయి గానీ, ఆఫీసుకీ గోడౌన్‌కీ వర్తించవు.

అసలు చిక్కంతా ఈ "లోపల" దగ్గరే. పైన కప్పు ఉండి, చుట్టూ ఖాళీగా వదిలిన భాగం మొత్తం గోడల వైశాల్యంలో సగం కన్నా తక్కువైతే, ఇంగ్లండ్ చట్టం దాన్ని లోపలి కిందే లెక్కేస్తుంది. 4 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు ఉన్న షెడ్డు తీసుకోండి. చుట్టుకొలత 12 మీటర్లు. ముందువైపు 4 మీటర్లూ పూర్తిగా తెరిచే ఉన్నా సగానికి రాలేదు, కాల్చకూడదు. ముందుతో పాటు ఒక పక్క 2 మీటర్లు కూడా తెరిచి ఉంటే 6 అయింది, సరిపోయింది. తలుపులు, కిటికీలు బార్లా తీసిపెట్టినా ఖాళీ కింద చేరవు, మూయగలిగినదేదైనా గోడే. రెస్టారెంటు బయట వేసిన గుడ్డ పందిరి కూడా కప్పే. వానొచ్చిందని దానికి పక్కన ప్లాస్టిక్ తెరలు దించారంటే, ఉన్నట్టుండి అది లోపలైపోతుంది. పార్ట్‌టైమ్‌లో చేరే రెస్టారెంట్లలో ఎక్కువగా జరిగే తప్పిదం ఇదే.

పట్టుబడితే ఇంగ్లండ్‌లో 50 పౌండ్లు, 15 రోజుల్లోపు కడితే 30. కడితే అక్కడితో వదిలిపోతుంది. కట్టకుండా పక్కన పడేస్తే కోర్టుకెళ్తుంది, 200 పౌండ్ల దాకా పడుతుంది. డబ్బు కన్నా పెద్ద తలనొప్పి, శిక్ష పడితే దాన్ని తర్వాత వీసా ఫారంలో రాయాల్సి రావడం. కాల్చేవాళ్లను ఆపని యజమానికి 2,500 దాకా జరిమానా ఉంది. అందుకే మేనేజర్లు ఈ విషయంలో మొహమాటపడరు.

డెలివరీ పనికి వెళ్లేవాళ్లు వ్యాన్ సంగతి తెలుసుకోవాలి. పగలు మీరు, రాత్రి ఇంకొకరు నడిపే బండి అయితే, అందులో మీరు ఒక్కరే ఉన్నా కాల్చకూడదు. అద్దం దించినా అంతే. సొంత కారులో 18 ఏళ్లలోపు పిల్లలుంటే 2015 అక్టోబర్ నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లలో అదీ నేరమే. కాల్చినవాళ్లకీ, ఆపని డ్రైవర్‌కీ విడివిడిగా వేస్తారు.

సిగరెట్ బ్రేక్ అనే హక్కేమీ లేదు. 6 గంటలకు మించి పనిచేస్తే 20 నిమిషాల విరామం చట్టం ఇస్తుంది, మీ దమ్ము అందులోనే సర్దుకోవాలి.

వేప్, అంటే ఈ-సిగరెట్, ఈ చట్టం కిందికి రాదు. కానీ కంపెనీ పాలసీ, రైళ్ల నిబంధనలు చాలావరకు రెంటినీ ఒకే గాటన కడతాయి. రైల్వే ప్లాట్‌ఫారం ఆరుబయటే ఉన్నా అక్కడ సిగరెట్ వెలిగించకూడదు. స్కాట్లాండ్‌లో ఆసుపత్రి భవనానికి 15 మీటర్ల లోపల, వేల్స్‌లో ఆసుపత్రి ఆవరణంతా నిషిద్ధమే.

అద్దె గదిలో చట్టం అడ్డురాకపోవచ్చు, అగ్రిమెంట్ వస్తుంది. "నో స్మోకింగ్" అని రాసి ఉంటే కార్పెట్, కర్టెన్ల శుభ్రతకు డిపాజిట్‌లోంచి కోత అడుగుతారు. స్మోక్ అలారానికి కవరు తొడిగే తెలివితేటలు మాత్రం వద్దు. యూనివర్సిటీ హాస్టల్లో దానికి విడిగా చర్య ఉంటుంది, పైగా నిద్రలో నిప్పంటుకుంటే లేపేది అదొక్కటే.

పీక రోడ్డు మీద పడేస్తే అది చెత్త వేసిన నేరం. ఇంగ్లండ్‌లో కౌన్సిల్‌ను (స్థానిక పాలక సంస్థను) బట్టి 65 నుంచి 500 పౌండ్ల దాకా వేయొచ్చు, అంటే లోపల కాల్చినదానికన్నా ఎక్కువ. ఊరి నడిబొడ్డున యూనిఫాం వేసుకుని తిరిగేవాళ్లు ఎక్కువగా పట్టుకునేది వీటినే.

సెలవులకు హైదరాబాద్‌కో విజయవాడకో వెళ్లేటప్పుడు వేప్‌ను ఇక్కడే వదిలేసి వెళ్లండి. 2019 నుంచి ఇండియాలోకి దాన్ని తీసుకురావడమే నేరం.