ఆ పేరు ఎవరు పెట్టారు? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

రాజకీయ నాయకులు, పత్రికలు, టీవీ చానళ్లు వాడే మాటలు ప్రజల అభిప్రాయాన్ని ఎలా మలుస్తాయో అడుగుతూ ఈ నెల అందిన ఉత్తరాలలో నాలుగింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: మా ఇంటికి రెండు దినపత్రికలు వస్తాయి. సెప్టెంబరు 17న ఒక పత్రిక ‘విమోచన దినం’ అని రాసింది, మరొకటి ‘విలీన దినం’ అని రాసింది. ప్రభుత్వ ప్రకటనలో మూడో పేరు కనిపించింది. ‘ఏ పేరు పెడితేనేం, జరిగింది ఒకటే కదా’ అంటారు మా నాన్నగారు. పరీక్షలో రాయవలసి వస్తే నేను ఏది రాయాలి?
– డిగ్రీ విద్యార్థిని, నల్లగొండ జిల్లా

జవాబు: అమ్మా, జరిగింది ఒకటేనన్న మీ నాన్నగారి మాట నిజమే. అయితే జరిగిన దానిలో దేన్ని తలచుకోవాలో, దేన్ని మరచిపోవాలో చెప్పేది ఆ పేరే.

ముందుగా వివాదం లేని సంగతులు చూద్దాం. భారత ప్రభుత్వానికీ నిజాముకూ మధ్య 1947 నవంబరు 29న, ఉన్న ఏర్పాట్లను ఉన్నట్టే కొనసాగించే యథాతథ ఒప్పందం కుదిరింది. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి ప్రవేశించింది. 17న నిజాము కాల్పుల విరమణ ప్రకటించాడు, మరునాడు ఆయన సేనాధిపతి ఎల్ ఎడ్రూస్ మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి ఎదుట లొంగిపోయాడు. 1950 జనవరి 26న రాజ్యాంగం అమలులోకి వచ్చినప్పుడు అదే నిజాము రాజప్రముఖ్, అంటే రాష్ట్రాధిపతి, హోదాలో కొనసాగాడు, 1956లో హైదరాబాద్ రాష్ట్రం రద్దయ్యే వరకు ఆ పదవిలోనే ఉన్నాడు.

ఇప్పుడు పేర్ల దగ్గరకు వద్దాం. ‘విమోచన’ అంటే ఒక చెరలోంచి బయటపడటం. రజాకార్ల దాడులకు గురైన పల్లెలకు, దొరల గడీల ముందు వెట్టి చేసిన కుటుంబాలకు ఆ మాట అక్షరాలా వర్తిస్తుంది. అయితే ఎవరి నుంచి విమోచన అన్న ప్రశ్న వెంటనే పుడుతుంది. దానికి ‘రాజు నుంచి’ అని ఒకరు, ‘ఒక మతస్థుల పాలన నుంచి’ అని మరొకరు జవాబు చెప్పుకునే వీలు ఆ మాటలోనే ఉంది. ‘విలీనం’ అన్నప్పుడు రెండు నీళ్లు కలిసినంత ప్రశాంతమైన చిత్రం మనసులో మెదులుతుంది, సైన్యం వచ్చిందన్న సంగతి ఆ చిత్రంలో కనిపించదు. ‘విద్రోహం’ అనేవారూ ఉన్నారు. నిజాముపై సాయుధంగా పోరాడిన కమ్యూనిస్టు దళాల మీదికే ఆ తరువాత సైన్యం మళ్లింది, 1951 అక్టోబరులో పోరాటాన్ని విరమించే దాకా ఆ అణచివేత సాగింది. ఆ చేదు జ్ఞాపకం నుంచి పుట్టిన పేరు అది.

ఈ మూడింటికంటే ముందే ఈ నేల మీద నిలిచిపోయిన నాలుగో మాట ‘పోలీసు చర్య’. మా ఊళ్లలో పెద్దవాళ్లు తమ వయసు చెప్పవలసి వచ్చినప్పుడు ‘పోలీసు యాక్షన్ నాటికి నాకు పదేళ్లు’ అనేవారు. ఫిరంగులతో, యుద్ధ ట్యాంకులతో, విమానాలతో జరిగిన దానికి పోలీసు పేరు ఎందుకు వచ్చింది? యుద్ధం అంటే అది రెండు దేశాల మధ్య జరిగినట్టు అవుతుంది. హైదరాబాద్ అప్పటికే, అంటే 1948 ఆగస్టులో, ఐక్యరాజ్య సమితి భద్రతా మండలికి ఫిర్యాదు చేసి ఉంది. ఇది అంతర్గత శాంతిభద్రతల వ్యవహారమన్న వాదన నిలబడాలంటే ‘యుద్ధం’ అనే మాట నోట రాకూడదు. ఇండొనేషియాలో డచ్చివారు తమ సైనిక దండయాత్రలకు అంతకుముందు సంవత్సరమే ఇదే పేరు పెట్టుకున్నారు. 1950లో అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ కూడా కొరియా యుద్ధాన్ని పోలీసు చర్య అనవచ్చునా అని విలేఖరులు అడిగితే అవునన్నాడు.

హైదరాబాద్ విషయంలో భారత ప్రభుత్వానికి ఆ పేరు అవసరమైంది, అందుకు తగిన కారణాలూ ఉన్నాయి. కానీ ఆ పేరు చేసిన రెండో పని గురించి మనం మౌనంగా ఉండకూడదు. పోలీసు చర్య అనగానే దొంగను పట్టుకున్నట్టు, పని పూర్తయినట్టు అనిపిస్తుంది. ఆ చర్య సమయంలోను, ఆ తరువాతి రోజుల్లోను సంస్థానంలో, ముఖ్యంగా మరాఠ్వాడా జిల్లాల్లో, జరిగిన హత్యాకాండను పరిశీలించడానికి నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ, చాలా తగ్గించి లెక్కవేసినా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని రాసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు ప్రజల చేతికి రాలేదు. రజాకార్లు చేసిన ఘోరాలు మన పాఠాలలో ఉన్నాయి, ఉండాలి కూడా. ఈ రెండో ఘోరం మాత్రం ఒక చిన్న పేరు వెనక ఇంతకాలం దాగి ఉంది. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది అదే.

మీరు చూసిన ప్రభుత్వ ప్రకటన సంగతీ అటువంటిదే. 2022లో కేంద్రం ‘హైదరాబాద్ విమోచన దినం’ జరిపితే, అదే రోజున అదే నగరంలో రాష్ట్ర ప్రభుత్వం ‘జాతీయ సమైక్యతా దినం’ జరిపింది. 2023 డిసెంబరులో వచ్చిన కొత్త ప్రభుత్వం 2024లో ‘ప్రజాపాలన దినోత్సవం’ అన్నది. పక్కన కర్ణాటక 2019లో, తనలో కలిసిన పాత సంస్థాన ప్రాంతమైన ‘హైదరాబాద్ కర్ణాటక’ పేరునే కల్యాణ కర్ణాటకగా మార్చి, విమోచన దినాన్ని ఉత్సవంగా మార్చుకుంది. అధికారం చేతులు మారినప్పుడల్లా తేదీ అలాగే ఉండి పేరు మారుతున్నదంటే, ఆ పేరు గతం గురించి కాక వర్తమానం గురించి మాట్లాడుతున్నదని అర్థం. పరీక్షలో మాత్రం ‘1948 సెప్టెంబరులో భారత సైనిక చర్య, దాని తరువాత హైదరాబాద్ సంస్థానం భారత యూనియన్‌లో చేరడం’ అని రాయండి. ఎవరు ఏమి చేశారో ఆ వాక్యంలో ఉంది. తరువాతి పేరాలో మిగిలిన పేర్లను, వాటిని వాడేవారిని ప్రస్తావించండి.

ప్రశ్న: నేను ముప్పయి ఏళ్లు తెలుగు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నాను. పదం మారితే జనం అభిప్రాయం మారిపోతుందనడం అతిశయోక్తి కాదా? మన వాళ్లు ముందే ఒక పార్టీని, ఒక చానల్‌ను ఎంచుకుని కూర్చుంటారు కదా!
– విశ్రాంత ఉపాధ్యాయుడు, గుంటూరు

జవాబు: మాస్టారూ, మీ అనుమానంలో సగం నిజం ఉంది. గట్టి అభిప్రాయం ఉన్నవారిని పదం కదిలించలేదు. ఇంకా ఏమీ తేల్చుకోనివారి మీద, తమకు అంతగా తెలియని విషయాల మీద మాత్రం దాని ప్రభావం బలంగా ఉంటుంది. ట్వెర్‌స్కీ, కానెమన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1981లో ప్రచురించిన ప్రయోగం ఇందుకు ప్రసిద్ధం. 600 మందికి ప్రాణాంతకమయ్యే జబ్బు వస్తుందనుకోమని చెప్పి, ‘ఈ పద్ధతిలో 200 మంది కచ్చితంగా బతుకుతారు’ అన్నప్పుడు 72 శాతం మంది దాన్ని ఎంచుకున్నారు. మరొక బృందానికి అదే పద్ధతిని ‘400 మంది చనిపోతారు’ అని చెబితే 22 శాతం మందే ఒప్పుకున్నారు. లెక్క ఒకటే, వాక్యమే వేరు. అమెరికా సర్వేలలో ‘వెల్ఫేర్’ మీద ఖర్చు చాలడం లేదా అని అడిగితే అవుననేవారు కొద్దిమందే. ‘పేదలకు సహాయం’ మీద అని అడిగితే అదే దేశంలో అవుననేవారు రెండు మూడు రెట్లు ఉంటారు.

మీ తరగతి గదిలో మీరు చెప్పే ఉంటారు, పర్యాయపదాలు అర్థంలో దగ్గరగా ఉన్నా భావంలో దూరంగా ఉంటాయని. ‘కన్నుమూశారు’, ‘చనిపోయాడు’, ‘హతమయ్యాడు’ – మూడింటిలోనూ మరణం ఒకటే. పోయినవాడి మీద మనకు ఉండవలసిన గౌరవం ఎంతో క్రియాపదమే చెప్పేస్తున్నది.

ప్రశ్న: మా నాన్నగారికి రుణమాఫీ అయినప్పుడు ఊళ్లో అందరూ ‘ఉచితాలకు అలవాటు పడ్డారు’ అన్నారు. పెద్ద కంపెనీల అప్పులు బ్యాంకులు కొట్టేస్తే పత్రికలు ‘రైటాఫ్’ అని రాస్తాయి. ఇది న్యాయమేనా?
– బ్యాంకు ఉద్యోగిని, అనంతపురం జిల్లా

జవాబు: మీరు బ్యాంకులో ఉన్నారు కనుక తేడా మీకు తెలుసు, పాఠకుల కోసం చెబుతాను. రుణమాఫీలో రైతు బాకీని ప్రభుత్వం చెల్లిస్తుంది, బాకీ తీరిపోతుంది. రైటాఫ్‌లో బ్యాంకు మొండి బకాయిని తన ఆస్తి అప్పుల పట్టీ నుంచి తీసివేస్తుంది కానీ, అప్పు తీసుకున్నవారి బాధ్యత పోదు, వసూలు ప్రయత్నం సాగవలసిందే. కాబట్టి ‘కంపెనీలకు ఇన్ని లక్షల కోట్లు మాఫీ’ అని రాసే పత్రికలు పొరపాటు చేస్తున్నాయి, ఆ పొరపాటు రైతు పక్షాన చేసినా పొరపాటే.

అయినా మీ బాధకు ఆధారం ఉంది. 2014-15 నుంచి 2022-23 వరకు తొమ్మిదేళ్లలో వాణిజ్య బ్యాంకులు 14.56 లక్షల కోట్ల రూపాయల బకాయిలను ఇలా పద్దుల నుంచి తీసివేశాయని, అలా తీసివేసిన వాటిలో వసూలైనది సుమారు రెండు లక్షల కోట్లేనని ప్రభుత్వమే 2023లో పార్లమెంటుకు తెలిపింది. ఇంత పెద్ద సంఖ్య జనానికి కోపం తెప్పించకపోవడానికి ఒక కారణం, దాని పేరులో మనిషి లేకపోవడం. మొండి బకాయిలను ‘నిరర్థక ఆస్తులు’ అంటే ఆస్తులే నిరర్థకమైనట్టు ఉంటుంది కానీ, ఎవరో తీసుకుని కట్టలేదన్న సంగతి తట్టదు. ‘మాఫీ’ అలా కాదు. ఉర్దూలో మాఫ్ అంటే క్షమించడం, క్షమించాలంటే ఎదుట తప్పు చేసినవాడు ఒకడు ఉండాలి. వానలు లేక పంట ఎండిపోయిన రైతు ఆ మాటతోనే తప్పు చేసినవాడై నిలబడతాడు.

2019 సెప్టెంబరులో కంపెనీల మూల పన్ను రేటును 30 నుంచి 22 శాతానికి తగ్గించారు. ఖజానాకు ఏటా 1.45 లక్షల కోట్లు తగ్గుతుందని ఆర్థిక మంత్రి చెప్పారు. దాన్ని ‘ఉద్దీపన’ అని, ‘ప్రోత్సాహకం’ అని రాశారు. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం తెచ్చిన రెండు రూపాయల కిలో బియ్యం ఆ రోజుల్లో ఎంత ఎగతాళికి గురైందో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఇప్పుడు అటువంటి పథకాలను తాయిలాలంటున్నారు. తాయిలం పిల్లలకు పెట్టేది. ఓటు వేసే వయోజనుడిని ఆ మాట పసివాడిని చేస్తుంది. పథకం దండగని మీకు తోస్తే ఖర్చు ఇంత, ఫలితం ఇంత అని చెప్పి వాదించండి, నేను వింటాను. మాటతోనే తీర్పు చెప్పి వాదన ముగిసిందంటే మాత్రం ఒప్పుకోలేను.

ప్రశ్న: ఒక పత్రికలో సబ్ ఎడిటర్‌గా కొత్తగా చేరాను. పోలీసుల నుంచి వచ్చిన ప్రకటనలో ‘ఎదురుకాల్పులు’ అని ఉంటే అలాగే శీర్షిక పెట్టమంటారు. మార్చే అధికారం నాకు లేదు. ఏమి చేయగలను?
– విజయవాడ

జవాబు: ‘ఎన్‌కౌంటర్’ అనే మాటకు మన పత్రికలు చేసుకున్న తెలుగు ‘ఎదురుకాల్పులు’. ఆ అనువాదం ఇంగ్లీషు మాటకంటే ఒక అడుగు ముందుకు వేసింది. ఎదురు అన్నప్పుడు ఇరువైపులా తూటాలు పేలాయని పత్రికే సాక్ష్యం చెప్పినట్టయింది. అక్కడ ఏమి జరిగిందో తేల్చవలసింది విచారణ. సుప్రీంకోర్టు 2014లో ఇచ్చిన తీర్పు ప్రకారం ఇటువంటి ప్రతి మరణం మీదా కేసు నమోదు కావాలి, స్వతంత్ర దర్యాప్తు జరగాలి, మేజిస్ట్రేట్ విచారణ ఉండాలి.

2019 డిసెంబరు 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో నలుగురు నిందితులు చనిపోయిన రోజు మీకు గుర్తుండవచ్చు. ఒక యువతి మీద జరిగిన దారుణానికి జనమంతా ఉడికిపోతున్న సమయం అది, పోలీసుల మీద పూలు చల్లారు. శీర్షికలు ఎదురుకాల్పులనే రాశాయి. సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ 2022లో బయటికి వచ్చిన నివేదికలో, చంపే ఉద్దేశంతోనే కావాలని కాల్పులు జరిపారని తేల్చింది, వ్యవహారం హైకోర్టుకు వెళ్లింది. అప్పటికి ‘ఎన్‌కౌంటర్ చేశారు’ అనేది మన నోట ‘చంపేశారు’కు మారుపేరుగా స్థిరపడిపోయింది. ఇంకే నేరం జరిగినా ‘వాళ్లనూ ఎన్‌కౌంటర్ చేయాలి’ అని బస్టాండులో మామూలు మనుషులు అనడం విన్నాను.

మీరు చేయగలిగినది చిన్నది, అయినా విలువైనది. శీర్షికలో ‘పోలీసు కాల్పుల్లో నలుగురి మృతి’ అనండి, ‘ఎదురుకాల్పులు జరిగాయని పోలీసులు చెబుతున్నారు’ అని లోపల రాయండి. దీనికి ఏ సంపాదకుడైనా అభ్యంతరం చెప్పడం కష్టం, ఎందుకంటే ఇందులో పోలీసుల మాటను మీరు కాదనలేదు, ఎవరి మాటో మాత్రమే చెప్పారు. అలాగే ‘లాఠీచార్జి జరిగింది’ అని వచ్చిన చోట ‘పోలీసులు లాఠీలతో కొట్టారు’ అని రాయడానికి ప్రయత్నించండి. తనంతట తాను జరిగే లాఠీచార్జి ఎక్కడా ఉండదు.

మరొకటి మీ చేతిలోనే ఉంది, దానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. రైతు మరణవార్తలో ‘ఆత్మహత్యకు పాల్పడ్డాడు’ అని రాయడం డెస్కులలో అలవాటు. దోపిడీకి, మోసానికి, అత్యాచారానికి పాల్పడతారు. తీవ్ర ఒత్తిడిలో ఉన్నవాడే ఆత్మహత్యాయత్నం చేస్తాడని భావించి, అతన్ని శిక్షించరాదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెప్పింది. 2024 జులై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత శిక్షాస్మృతి (ఐపీసీ) 309వ సెక్షన్ లేదు. చట్టం నేరం కాదన్న దాన్ని మన క్రియాపదం ఇంకా నేరంగానే ఉంచుతున్నది. ‘ఆత్మహత్య చేసుకున్నాడు’ అని రాయండి. రేపు ఆ వార్తను ఆయన భార్య, పిల్లలు చదువుతారు.