జాతరకు గుర్రాల దొడ్డి: ఏది కొనాలి, ఏది చేయించుకోవాలి

అల్లుడికి,

ధర్మాబాద్ నుంచి మామ ఆశీస్సులు. మార్గశిరంలో మాళేగావ్ ఖండోబా జాతరకు ఆడగుర్రాలు రెండింటినీ తీసుకెళ్తానన్నావు. విప్పి మళ్లీ బిగించుకునే దొడ్డి కొనాలా, మనమే చేయించుకోవాలా అని అడిగావు. ఇనుప ఫ్రేములు మన వెల్డింగ్ షాపులోనే చేయించు. కరెంటు తీగ కంచె పెట్టాలనుకుంటే దాని మిషన్ మాత్రం కొను. పీవీసీ పైపుల జోలికి అసలు వెళ్లకు.

ఊరికే చెప్పడం లేదు. తేలిగ్గా ఉంటాయి, డబ్బు మిగులుతుందని ఒకప్పుడు నేనూ పీవీసీతోనే చేశాను. రెండు ఎండాకాలాలకే పైపులు పెళుసుబారాయి. ఓ పెళ్లిలో రాత్రి టపాకాయలు పేలగానే నా గుర్రం బెదిరి రొమ్ముతో తోసింది. విరిగిన పైపు మొన కత్తిలా దిగింది. నెల రోజులు ఆ గాయం కడుగుతూ కూర్చున్నాను. ఇప్పటికీ ఆ మచ్చ చూస్తే ప్రాణం చివుక్కుమంటుంది.

రెడీమేడ్ ఫ్రేములు చెడ్డవని కాదు. కానీ దూరం నుంచి తెప్పించాలి, ఒకటి వంగితే అలాంటిదే ఇక్కడ దొరకదు. మనవాడు చేసినదైతే సాయంత్రానికి సరిచేసి ఇస్తాడు.

కొలతలు రాసుకో. అంగుళం జీఐ పైపు, అంటే జింక్ పూత వేసిన ఇనుప పైపు, మీడియం రకం. పైపు 6 మీటర్లు వస్తుంది, సగానికి కోస్తే అడ్డపైపులు రెండు. ఒక్కో ఫ్రేముకు అడ్డంగా నాలుగు, నిలువుగా మీటరున్నరవి మూడు. అలాంటివి ఎనిమిది చేయిస్తే 22 పైపులు సరిపోతాయి, ముక్క వృథా కాదు. అన్నీ బిగిస్తే సుమారు 20 అడుగుల చదరం. నీ రెండూ కలిసి పెరిగినవే కాబట్టి చాలు. అన్నిటికంటే కింది అడ్డపైపు నేలకు అడుగు ఎత్తులో ఉండాలి. ఒక్కోటి 40 కిలోల దాకా తూగుతుంది, ఎత్తడానికి ఇద్దరు కావాలి. టెంపో బరువు లెక్కలో ఇదీ వేసుకో.

నేను అన్నిటికంటే ఎక్కువ భయపడేది రెండు ఫ్రేములు కలిసే చోటికి. మూలలు గుండ్రంగా వంచితే పైన కిందికి సన్నబడే సందు పడుతుంది. గుర్రం ముందు కాళ్లు ఎత్తినప్పుడు కాలు అందులో ఇరుక్కుంటే ఎముక విరుగుతుంది. మూలలు నిటారుగా ఉంచమను, ఫ్రేములు గిట్ట దూరనంత దగ్గరగా వచ్చేలా రింగులు పెట్టించి, వాటిలోంచి ఇనుప కడ్డీ దింపించు. వెల్డింగ్ మొనలన్నీ గ్రైండ్ చేయించి, జింక్ పెయింట్ వేయించు. జీఐ వెల్డింగ్ పొగ మంచిది కాదు, ఆరుబయటే చేయమను.

గుర్రాన్ని ఫ్రేముకు కట్టకు. బెదిరితే ఫ్రేమునే ఈడ్చుకుంటూ పరుగెడుతుంది, ఆ చప్పుడుకు ఇంకా బెదురుతుంది. కట్టాలంటే టెంపోకు కట్టు. మూలల్లో మాత్రం గూటాలు దిగ్గొట్టు.

కరెంటు తీగ ఇంటి దగ్గర మేతకు బాగుంటుంది, జాతరలో వద్దు, పిల్లలు ముట్టుకుంటారు. మిషన్ క్షణానికోసారి చిన్న దెబ్బ మాత్రమే ఇస్తుంది. ఇంటి కరెంటు నేరుగా కలిపితే గుర్రమూ చస్తుంది, మనిషీ చస్తాడు. మన నల్లరేగడి ఎండాకాలంలో బీటలు వారుతుంది కదా, అప్పుడు మిషన్ కోసం నేలలో దిగ్గొట్టిన ఎర్త్ కడ్డీ దగ్గర నీళ్లు పోస్తూ ఉండు, పొడి నేలలో దెబ్బ సరిగా తగలదు.

షాపుకు వెళ్లే రోజు ఫోన్ చెయ్యి, నేనూ వస్తాను. మొదటి ఫ్రేము చూశాకే మిగతావి కోయిద్దాం.

ఇట్లు,
మామ