బెర్గెన్‌లో ఒక్క రోజు, వాన, పెద్దవాళ్ళు: ఇలా చేయండి

ఉదయం తొమ్మిదికి విమానం దిగి, అమ్మానాన్నలతో నార్వేలోని బెర్గెన్ చూసి సాయంత్రానికి వెళ్ళిపోవాలి, వాన పడితే ఎలా అన్నారు కదా. వాన పడుతుందనే అనుకోండి. ఆ ఊళ్ళో ఏడాదికి 2,000 మిల్లీమీటర్లు దాటుతుంది. గొడుగు గాలికి తిరగబడుతుంది, టోపీ ఉన్న రెయిన్‌కోట్లే తెచ్చుకోండి.

విమానాశ్రయం నుంచి ట్రామ్ ఎక్కండి. చివరి స్టాప్ బీపార్కెన్‌కి ముప్పావు గంట. టికెట్ ముందే అక్కడి రవాణా సంస్థ స్కిస్ యాప్‌లోనో, స్టాప్‌లోని మెషీన్‌లోనో కొనాలి, లోపల అమ్మరు. అక్కడి నుంచి చేపల మార్కెట్‌కి కొద్ది నడకే.

మార్కెట్ దగ్గర నిలబడి ఫ్లోయెన్ కొండ వైపు చూడండి. శిఖరం కనిపిస్తే వెంటనే రోప్ రైలు ఎక్కేయండి, ఆరేడు నిమిషాల్లో 320 మీటర్ల ఎత్తుకు చేరుస్తుంది. మబ్బు కమ్మితే పైకెళ్ళినా తెల్లటి గోడే, డబ్బు దండగ. అప్పుడు ముందు బ్రిగ్గెన్ చూడండి.

ఇది జర్మన్ హన్సా (మధ్యయుగపు ఉత్తర ఐరోపా వర్తక సంఘం) వర్తకులు ఎండు కాడ్ చేపల వ్యాపారం నడిపిన రేవు. 1702 అగ్నిప్రమాదం తర్వాత పాత నమూనాలోనే మళ్ళీ కట్టిన కొయ్య ఇళ్ళివి. రంగుల ముఖద్వారాల దగ్గర ఫొటో తీసుకుని వెనుదిరగకండి, అసలు అందం వెనక సందుల్లో ఉంది. అయితే తడిసిన చెక్కలు జారతాయి, పెద్దవాళ్ళకు రబ్బరు సోల్ బూట్లు తప్పనిసరి. అగ్ని భయంతో ఈ ఇళ్ళలో నిప్పు నిషేధం కాబట్టి, వర్తకులు చలి కాచుకోడానికి, వంటకి వెనక వేరే గదులు కట్టుకున్నారు. వాటి పేరు ష్యొట్‌స్టూనె. వాన గట్టిగా పట్టుకుంటే అక్కడికే వెళ్ళండి.

దగ్గర్లోని పాత రాతి కట్టడం రోజెన్‌క్రాంట్జ్ బురుజు మాత్రం వదిలేయండి. ఇరుకు మెట్లు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు శిక్షే.