జెల్ మీద బ్యాండ్ చూసి మురిసిపోకు

బుజ్జీకి, మామయ్య ఆశీస్సులు.

గొర్రెల నట్టలకి (కడుపులో పురుగులకి) రీకాంబినెంట్ టీకా, అంటే పురుగు జీన్‌ని వేరే జీవిలో పెట్టి చేయించిన ప్రొటీన్‌తో టీకా మొదలుపెట్టానని, హెచ్11 అనే ప్రొటీన్ జీన్ అప్పుడే ఈ.కోలై బ్యాక్టీరియాలోకి ఎక్కించానని రాశావు. సంతోషమే గానీ, నీ తొందర చూస్తే నా పాత రోజులు గుర్తొచ్చాయి.

నేనూ అంతే. గొర్రె కడుపులో రక్తం తాగే హీమాంకస్ పురుగు పేగులోని ప్రొటీన్ ఒకటి ఈ.కోలైలో పెడితే బోలెడంత వచ్చింది, కాకపోతే అంతా ఇన్‌క్లూజన్ బాడీల్లోనే, అంటే మడత సరిగ్గా పడక కట్టిన ముద్దల్లోనే. యూరియాలో కరిగించి, డయాలసిస్ చేసి, ప్రొటీన్లని సైజుని బట్టి విడదీసే జెల్ మీద ఒక్కటే బ్యాండ్ (గీత) కనిపిస్తే పండగ చేసుకున్నాను. గొర్రెలకి వేశాక ఎలైసా పరీక్షలో టైటర్ (యాంటీబాడీల మోతాదు) కూడా అదిరింది. తీరా పెంటికల్లో పురుగు గుడ్లు లెక్కపెడితే, టీకా వేసిన వాటికీ వేయనివాటికీ తేడా లేదు! ఆ యాంటీబాడీలు నేను చేసిన ముద్దని పట్టుకున్నాయి, పురుగులో ఉన్న ప్రొటీన్‌ని కాదు.

ఇదే పురుగుకి ఆస్ట్రేలియాలో 2014లో బార్బర్‌వ్యాక్స్ అనే టీకా వచ్చింది. డోసులో ఉండేది 5 మైక్రోగ్రాములే, కానీ అది గొర్రె కడుపులోంచి తీసిన పురుగుల నుంచే శుద్ధి చేసిన ప్రొటీన్. అందులోని హెచ్11ని రీకాంబినెంట్‌గా చేసి చూస్తే ఆ రక్షణ రాలేదు. మడత సరిగ్గా పడాలి, పైన అతికే చక్కెరలు కూడా పురుగులో ఉన్నట్టే ఉండాలి, అక్కడే చిక్కు. హెచ్11 అమినోపెప్టిడేజ్ (ప్రొటీన్లని చివర నుంచి కత్తిరించే ఎంజైమ్) కదా, నువ్వు చేసినది ఎంజైమ్‌గా పనిచేస్తోందా, టీకా వేసిన నీ గొర్రెల సీరం (యాంటీబాడీలుండే రక్తపు ద్రవం) ఆ పనిని ఆపుతోందా అన్నది ముందు చూడు. అది ఆపినా గొర్రెకి రక్షణ వస్తుందన్న హామీ లేదనుకో. ఆపకపోతే మాత్రం ట్రయల్‌కి గొర్రెలు కొనే ఖర్చు మిగులుతుంది.

అలాగని ఈ.కోలైని తిట్టకు. కుక్కల బద్దెపురుగు వల్ల గొర్రెల ఒంట్లో పెరిగే హైడాటిడ్ తిత్తులకి వేసే ఈజీ95 టీకా దాన్లో చేసిందే. పందుల బద్దెపురుగుకి టీసోల్18 అనే ప్రొటీన్‌ని మన హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ వాళ్లు పికియా ఈస్ట్‌లో చేసి సిస్‌వ్యాక్స్‌గా అమ్ముతున్నారు. ఈ రెండూ గెలవడానికి నాకు తోచే కారణం, అవి గుడ్డులోంచి అప్పుడే బయటపడిన పిల్లదశని కొడతాయి. ఇంకా కవచం కట్టుకోని ఆ దశని యాంటీబాడీ, కాంప్లిమెంట్ (రక్తంలో ఉండే రక్షక ప్రొటీన్లు) కలిసి చంపేస్తాయి. కడుపులో స్థిరపడి రక్తం తాగే పెద్ద పురుగుతో అంత సులువు కాదు. ఏ దశని కొట్టాలన్నది తేల్చుకున్నాకే జీన్ ఎంచుకోవాల్సింది. నువ్వు తిరగేసి చేశావు.

మనుషుల కొంకిపురుగు వైపు వెళ్తే ఇంకో జాగ్రత్త. ఎన్ఏ-ఏఎస్‌పీ-2 అనే కొంకిపురుగు ప్రొటీన్‌తో చేసిన టీకాని బ్రెజిల్‌లో ఆ పురుగున్న ఊళ్లలో వేస్తే కొందరికి ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. పాత ఇన్‌ఫెక్షన్ వల్ల వాళ్ల ఒంట్లో ఆ ప్రొటీన్‌కి ఐజీఈ (అలర్జీ తెచ్చే యాంటీబాడీ) ముందే ఉంది. అందుకని అలాంటి ఊళ్ల వాళ్ల సీరంతో మొదటే పరీక్ష పెట్టుకో.

అన్నట్టు, అడ్జువెంట్ (టీకా ప్రభావం పెంచడానికి కలిపే మందు) ఒక్కటే వేసిన గుంపు లేకుండా ట్రయల్ పెట్టకు. పండక్కి వచ్చేటప్పుడు జెల్ ఫొటోలు వద్దు. ఆ ఎంజైమ్ రీడింగులు పట్టుకురా.

మీ మామయ్య