వేళ్లు తెల్లబడుతుంటే మాత్రలతో నెట్టుకురావద్దు

ప్రశ్న: నా వయసు 38. ఆరేళ్లుగా ఫిట్టింగ్ పనులకు రోటరీ హ్యామర్ డ్రిల్ వాడుతున్నాను. కాంక్రీటు, ఇటుక, టైల్, చెక్క, ఇనుము... దేనికి ఏ మోడ్ పెడితే చేతులకు శ్రమ తగ్గుతుంది? చలికి కుడిచేతి వేళ్లు రెండు తెల్లగా పాలిపోయి మొద్దుబారుతున్నాయి. రాత్రిళ్లు తిమ్మిర్లతో మెలకువ వస్తోంది. ఆర్నెల్లుగా నొప్పి మాత్ర, నరాల బలానికి మాత్ర వేసుకుంటున్నాను. ఇలాగే కొనసాగించవచ్చా?

జవాబు: కొనసాగించవద్దు. మోడ్ గురించి తర్వాత చెబుతాను. ముందు ఆ వేళ్ల సంగతి చూడాలి.

అదిరే యంత్రాన్ని ఏళ్ల తరబడి పట్టుకునేవారిలో వేళ్ల చివరి సన్నటి రక్తనాళాలు, నరాలు దెబ్బతింటాయి. చలి తగలగానే నాళాలు బిగుసుకుపోయి వేలు పాలిపోతుంది. మీరు రాసింది దానికి దగ్గరగా ఉంది. రాత్రి తిమ్మిర్లు మణికట్టులో నరం నొక్కుకుపోవడం వల్ల కూడా రావచ్చు. దాన్ని కార్పల్ టన్నెల్ అంటాం. బొటనవేలు, చూపుడు, నడిమి వేళ్లలోనే తిమ్మిరి ఎక్కువగా ఉందా, చిటికెన వేలు బాగానే ఉందా గమనించండి. షుగర్, థైరాయిడ్, బి12 లోపం ఉన్నా తిమ్మిర్లు వస్తాయి. చెయ్యి చూడకుండా ఇది ఫలానా జబ్బేనని నేను చెప్పలేను, చెప్పకూడదు కూడా.

ఇక ఆ మాత్రలు. నొప్పి మాత్ర నొప్పిని అణుస్తుందే తప్ప నరానికి తగిలే దెబ్బను ఆపదు. నొప్పి తెలియకపోవడంతో మీరు ఇంకో గంట ఎక్కువే పనిచేస్తారు. ఆర్నెల్లు వాడితే కడుపులో పుండు పడవచ్చు, కిడ్నీలు దెబ్బతినవచ్చు, బీపీ పెరగవచ్చు. నరాల బలానికని అమ్మే మాత్రల్లో చాలావాటిలో విటమిన్ బి6 ఉంటుంది. మోతాదు మించి నెలల తరబడి వేసుకుంటే ఆ బి6 వల్లే నరాలు దెబ్బతిని తిమ్మిర్లు వస్తాయి. తిమ్మిరికని వేసుకున్నదే తిమ్మిరి తెస్తే ఎలా చెప్పండి? ఆ రెండు మాత్రల పట్టీలు పట్టుకుని ఈ వారంలోనే డాక్టరు దగ్గరికి వెళ్లండి. రక్తపరీక్షలు, అవసరమైతే నరాల పరీక్ష రాస్తారు. ఏ పని చేస్తారో, రోజుకు ఎంతసేపు డ్రిల్ పట్టుకుంటారో ముందే చెప్పండి. ఆ మాట చెప్పక ఏళ్లు పోగొట్టుకున్నవాళ్లను చూశాను. తొలిదశలో అదురు మానేస్తే వేళ్లు కొంతవరకు కోలుకుంటాయి. చొక్కా గుండీ పెట్టుకోలేని దశకు చేరాక మేం చేయగలిగేది తక్కువ.

యూరప్ నిబంధనల్లో చేతికి తగిలే అదురుకు 8 గంటల సగటు పరిమితి సెకనుకు సెకనుకు 5 మీటర్లు (m/s²). 2.5 దాటగానే జాగ్రత్తలు మొదలుపెట్టాలి. డ్రిల్ అదురు 10 ఉందనుకోండి, అరగంటకే ఆ 2.5 వస్తుంది, 2 గంటలకు 5 వస్తుంది. మీ యంత్రం పుస్తకంలో ఆ అంకె ఉంటుంది, చూడండి. ట్రిగ్గర్ నొక్కి ఉంచిన సమయాన్నే లెక్కపెట్టండి.

మీరడిగిన దానికొస్తే, హ్యామర్ మోడ్ (బిట్ తిరుగుతూ సుత్తిలా కొట్టేది) కాంక్రీటుకు, రాతికి. బోలు ఇటుకకు, టైల్‌కు, చెక్కకు, ఇనుముకు తిప్పుడు మాత్రమే చాలు. టైల్ మీద సుత్తిదెబ్బ పడితే పగులుతుంది. పైగా అనవసరమైన ప్రతి దెబ్బా మీ వేళ్లకే. మొద్దుబారిన బిట్‌తో ఒత్తి ఒత్తి తొలవకండి. బలం పెట్టేకొద్దీ అదురు చేతిలోకి దిగుతుంది. పక్క హ్యాండిల్ లేకుండా అసలు మొదలుపెట్టొద్దు. లోపల చువ్వకు బిట్ పట్టేస్తే డ్రిల్ ఒక్కసారిగా తిరిగి మణికట్టు విరగ్గొడుతుంది.

మీరు అడగలేదు గానీ, దుమ్ము సంగతీ చెప్పాలి. కాంక్రీటు, ఇటుక, టైల్ దుమ్ములో సిలికా ఉంటుంది. కంటికి కనిపించనంత సన్నటిదే ఊపిరితిత్తుల లోతుకు చేరుతుంది. దానివల్ల వచ్చే సిలికోసిస్ తగ్గే జబ్బు కాదు, క్షయ ముప్పునూ పెంచుతుంది. ముఖానికి కట్టుకునే గుడ్డ దాన్ని ఆపదు. దుమ్ము పీల్చే అమరిక, బిగుతుగా పట్టే ఎన్95 మాస్కు కావాలి. చెవులకు ప్లగ్గులు, కళ్లకు అద్దాలు ఎలాగూ తప్పవు. కంట్లో ఏదైనా ఎగిరిపడితే నలపకుండా, నొప్పి లేకపోయినా అదే రోజు కంటి డాక్టరుకు చూపించండి.

పొగతాగే అలవాటుంటే వేళ్ల నాళాలు ఇంకా బిగుస్తాయి, మానేయండి. డాక్టరు చూసేదాకా హ్యామర్ పని మరొకరికి అప్పగించండి. వేలు నల్లబడినా, పుండు పడినా, చేతిలోంచి వస్తువులు జారిపోతున్నా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.