ఎంపీత్రీ ప్లేయర్ లినక్స్‌లో సరిగ్గా కనిపించడం లేదు, ఫార్మాట్ కొట్టేయమంటారా?

ఫార్మాట్ మాత్రం ఇప్పుడే కొట్టకండి. గుచ్చితే ఛార్జింగ్ ఎక్కుతుంది గానీ లినక్స్ మింట్‌లో కనిపించదు, కనిపించిన రోజున రీడ్-ఓన్లీ (చదవడమే, రాయనివ్వను) అంటుంది, పాటలు చెరిపినా ఖాళీ రాదు, పైగా వరుస తప్పి మోగుతుంది అన్నారు కదా. ఈ నాలుగూ నేను ఒక్క ప్లేయరుతోనే పడ్డాను. అది మా నాన్నగారిది. పొద్దున్నే మొక్కలకు నీళ్ళు పెడుతూ జేబులో వేసుకుని ప్రవచనాలు వింటారు. ఫోనులో వినమంటే మధ్యలో ఎవరో ఒకరు ఫోన్ చేస్తారని ఒప్పుకోరు.

అన్నింటికీ మూలం ఒకటే అనుకుని నేను తొందరపడి ఫార్మాట్ కొట్టాను. అదీ చూసుకోకుండా ఎక్స్‌ట్4 (లినక్స్ తన డిస్కుల్లో ఫైళ్ళు సర్దుకునే పద్ధతి) ఎంచుకున్నాను. ఇలాంటి చిన్న ప్లేయర్లకు మామూలుగా ఫ్యాట్ రకం (పెన్‌డ్రైవుల్లో ఉండే పాత పద్ధతి, ఫ్యాట్32 లాంటిది) తప్ప ఇంకోటి అర్థం కాదు, ఆన్ చేస్తే మొదట వచ్చే బొమ్మ దగ్గరే ఆగిపోయింది. దాన్ని మళ్ళీ ఫ్యాట్32 చేసుకోవచ్చు, అది పెద్ద విషయం కాదు. కానీ అందులో వాయిస్ అనే ఫోల్డరు ఉందని, నాయనమ్మ మాటలు నాన్నగారు అందులో రికార్డు చేసుకున్నారని నాకు తరవాత తెలిసింది. ఫోటోరెక్ అనే ప్రోగ్రాంతో గాలిస్తే కొన్ని దొరికాయి, పేర్లూ తేదీలూ లేకుండా. మీ దాంట్లోనూ అలాంటి ఫోల్డరు ఉందేమో ముందు చూసి, కాపీ తీసి పెట్టుకోండి.

ఇక కనిపించకపోవడం సంగతి. టెర్మినల్ (కమాండ్లు టైపు చేసే కిటికీ) తెరిచి "సుడో డీఎంఈఎస్‌జీ -డబ్ల్యూ" కొట్టి (పరికరాల గురించి లినక్స్ రాసుకునే కబుర్లు చూపిస్తుంది) అలాగే వదిలేసి, అప్పుడు ప్లేయరు గుచ్చండి. (కమాండ్లు పలికినట్టే తెలుగులో రాస్తున్నాను, కొట్టేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాలు.) కొత్త వరుస ఒక్కటీ రాకపోతే ముందు కేబుల్‌నే అనుమానించండి. యూఎస్‌బీ 2.0 కేబుల్లో నాలుగు తీగలుంటాయి: రెండు కరెంటుకి, రెండు డేటాకి. ఛార్జింగ్ కోసమే చేసిన చవక కేబుళ్ళలో డేటా తీగలు ఉండవు. బయటికి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. మా ఇంట్లో ఒక బుల్లి టార్చిలైటుతో వచ్చిన కేబుల్ నాకు రెండు సాయంత్రాలు తినేసింది. "డివైస్ డిస్క్రిప్టర్ రీడ్, ఎర్రర్ -71" లాంటిది వస్తే తీగలున్నాయి గానీ ఎక్కడో కనెక్షన్ సరిగ్గా లేదని. కేబుల్ మార్చండి, హబ్ తీసేసి నేరుగా లాప్‌టాప్‌కే పెట్టండి, సాకెట్లో చేరిన దుమ్ము ఊదండి.

పరికరం పేరు వచ్చి డ్రైవు మాత్రం రాకపోతే ప్లేయరు ఎంటీపీలో (ఫోన్లు ఫైళ్ళు పంపే పద్ధతిలో) ఉండి ఉండొచ్చు. దాని సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ మోడ్ అని ఉంటే ఎంఎస్‌సీకి మార్చండి, పెన్‌డ్రైవులా వచ్చేస్తుంది. ఎంటీపీ లినక్స్‌లో పనిచెయ్యదని కాదు. ఫైల్ మేనేజరు దాన్ని పట్టుకుని కూర్చుంటే పాటల ప్రోగ్రాంకి దొరకదు, ఆ గొడవ మనకెందుకు?

రీడ్-ఓన్లీ దగ్గర నిజంగా తప్పు నాదే. కాపీ గీత చివరిదాకా వచ్చినంత మాత్రాన పాటలు ప్లేయర్లోకి చేరిపోయినట్టు కాదు. లినక్స్ వాటిని ముందు ర్యామ్‌లో పెట్టుకుని తీరిగ్గా రాస్తుంది. ఈలోగా లాగేస్తే ఫ్యాట్ పట్టిక (ఏ ఫైలు ఎక్కడుందో రాసుకునే జాబితా) సగం రాసి ఆగిపోతుంది. తరవాత ఎప్పుడో ఆ తప్పు కంటపడ్డప్పుడు కెర్నెల్ (లినక్స్ గుండెకాయ) ఇంకా పాడుకాకుండా రాతకు తాళం వేస్తుంది. దీనికి ముందు "ఎల్ఎస్‌బీఎల్‌కే" కొట్టి ప్లేయరు ఏ పేరుతో వచ్చిందో చూడండి. పేరు చూసి మోసపోకండి: పాత లాప్‌టాప్‌లో ఎస్‌డీఏ అంటే హార్డ్‌డిస్కే, ఎన్‌వీఎంఈ (కొత్త రకం ఎస్ఎస్‌డీ) ఉన్నవాటిలో ప్లేయరే ఎస్‌డీఏ కావచ్చు. సైజు నమ్మండి. 8 జీబీ ప్లేయరు 7.4 దరిదాపుల్లో చూపిస్తుంది. ఎస్‌డీబీ1 అయిందనుకుందాం. దాన్ని అన్‌మౌంట్ చేసి (ప్లేయరు గుచ్చే ఉంచి, డ్రైవును మాత్రం లినక్స్ నుంచి విడదీసి) "సుడో ఎఫ్ఎస్‌సీకే.వీఫ్యాట్ -ఎ /డెవ్/ఎస్‌డీబీ1" కొట్టండి, పట్టికలో తప్పులు సరిచేస్తుంది. తరవాత ఎఫ్ఎస్‌సీకే0000.ఆర్ఈసీ లాంటి ఫైళ్ళు కనిపిస్తే అవి తెగిపోయిన పాటల ముక్కలు, తీసేయొచ్చు. ఇకనుంచి ఎజెక్ట్ నొక్కి, తీసుకోవచ్చు అని చెప్పేదాకా ఆగండి. నిదానంగా రాసే ప్లేయర్లకు రెండు మూడు నిమిషాలు పట్టినా పట్టొచ్చు.

ఖాళీ రాకపోవడం చిటికెలో పని. ఫైల్ మేనేజర్లో డిలీట్ నొక్కితే పాట పోదు, ప్లేయర్లోనే డాట్ ట్రాష్-1000 అనే దాగిన ఫోల్డర్లోకి వెళ్తుంది. కంట్రోల్+హెచ్ నొక్కితే బయటపడుతుంది, షిఫ్ట్+డిలీట్‌తో తీసేయండి. మా నాన్నగారి దాంట్లో సగం జాగా ఆ చెత్తబుట్టే మింగేసింది.

వరుస సంగతి నాకు అన్నిటికన్నా ఆలస్యంగా అర్థమైంది. చాలా చవక ప్లేయర్లు పేర్ల వరుస చూడవు. ఫోల్డరు పట్టికలో ఏది ముందు నమోదైతే అదే ముందు మోగిస్తాయి. నేను రామాయణ ప్రవచనం భాగాలన్నీ ఒక్కసారే ఈడ్చి పడేస్తే సీతమ్మ లంకలో ఉండగానే శివధనుస్సు విరిగింది. రామాయణమంతా విని రాముడికి సీత ఏమవుతుందని అడిగితే తప్పు తనది కాదురా అన్నారు నాన్నగారు. ఫైళ్ళకు 01, 02 అని అంకెలు పెట్టి (1, 2 అని పెడితే 1 తరవాత 10 వస్తుంది), అన్‌మౌంట్ చేసి "సుడో ఫ్యాట్‌సార్ట్ /డెవ్/ఎస్‌డీబీ1" కొడితే పట్టిక సర్దుకుంటుంది. ఫ్యాట్‌సార్ట్ మింట్ సాఫ్ట్‌వేర్ మేనేజర్లోనే దొరుకుతుంది. కొత్త పాటలు ఎక్కించిన ప్రతిసారీ మళ్ళీ కొట్టాలి.

ముందు కేబుల్ మార్చి చూసి, డీఎంఈఎస్‌జీలో వచ్చిన చివరి పది వరుసలు ఇక్కడ పెట్టండి. మీ ప్లేయర్లో మెమరీ కార్డు కూడా ఉంటే అది ఎన్ని జీబీలో రాయండి. 64 జీబీ కార్డులు మామూలుగా ఎక్స్‌ఫ్యాట్ అనే ఇంకో పద్ధతిలో వస్తాయి, లినక్స్ చదివినా పాత ప్లేయర్లు చదవలేవు.